పద్దెనిమిది గుర్రాలు, రెండు పళ్ళు

ఇంజను విప్పిన ఇంటికి సలహాలకు కరువుండదు. నా పాత బుల్లెట్ ఇంజను దించి ఎస్.కోటలో మేస్త్రి బల్ల మీద పెట్టించానని తెలిసిందే తడవు, నా ఆరోగ్యం ఏనాడూ అడగనివాళ్ళు కూడా ఫోన్ చేసి దాని ఆరోగ్యం అడిగారు. అడిగి ఊరుకున్నా బాగుండేది. "ఎలాగూ విప్పావు కదా..." అని అందుకుంటారు. మనిషి జేబుకు చిల్లు పడేది ఆ మూడు మాటల దగ్గరే. ఎలాగూ విప్పావు కదా, 350ని 500 చేయించెయ్. ఎలాగూ విప్పావు కదా, క్యామ్ మార్పించెయ్. ఎలాగూ విప్పావు కదా, పెద్ద కార్బరేటర్ పెట్టించెయ్. ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టర్లకు ఈ తర్కం తట్టకపోవడం మన పూర్వజన్మ సుకృతం.

బండి సంగతి చెప్పాలి. 1984 మోడల్. కాస్ట్ ఐరన్ ఇంజను. గేర్లు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. కొత్తవాడెవడైనా ఎక్కితే బ్రేకనుకుని గేరు వేస్తాడు, గేరనుకుని బ్రేకు తొక్కుతాడు. అందుకే దీన్ని ఎవరూ అరువడగరు, అదో సుఖం. విజయవాడలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఆయన దీన్ని హైవే మీద గుంటూరుకీ ఏలూరుకీ తిప్పుకున్నారు. నేనేమో అరకులో బ్యాంకు ఉద్యోగిని, అత్తగారిల్లు విశాఖపట్నం. కనక అప్పుడప్పుడూ ఘాట్ దిగక తప్పదు. దిగినవాడు ఎక్కకా తప్పదు.

పేచీ అంతా ఎక్కడంలోనే. కాశీపట్నం దాకా దొరబాబులా నడిచేది. టైడా దగ్గర గొంతు మారేది. డముకు మలుపుల్లో మూడు, రెండు, ఒకటి అంటూ గేర్లన్నీ దిగిపోయాక, ఇక దిగడానికి మిగిలింది మా ఆవిడే. "ఏవండీ, దిగమంటారా?" అని అడిగేది. మగవాడి పరువు దృష్ట్యా నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఆవిడే దిగి, చెట్లూ చేమలూ చూసుకుంటూ నడిచొచ్చేది. నేను పై మలుపులో బండి ఆపి, అది చల్లబడేదాకా లోయను చూస్తూ నిలబడేవాణ్ణి. పర్యాటకులు నన్ను ప్రకృతి ప్రేమికుడనుకుని, మా నలుగురికీ ఓ ఫొటో తియ్యండి సార్ అని ఫోన్లు చేతికిచ్చేవారు.

బుల్లెట్ 350 అంటే నిజానికి 346 సీసీ. పిస్టన్ అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ నడిచే దూరం 90. బలం 18 హార్స్‌పవర్. 1955లో మద్రాసులో ఈ బండి తయారీ మొదలయ్యాక, యాభై ఏళ్ళు దాటినా ఆ ఇనప ఇంజను పెద్దగా మారలేదు. 18 గుర్రాలంటే కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ కొండ పన్ను వసూలు చేస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజను బలంలో సుమారు 3 శాతం హరించుకుపోతుంది. అరకు ఎత్తు మూడు వేల అడుగులకు అటూ ఇటూ, దారిలో గాలికొండ అంతకన్నా ఎత్తు. అంటే 18 గుర్రాల్లో దాదాపు రెండు అనంతగిరి చేరేలోపే దిగిపోతాయి, మా ఆవిడతో పాటు.

ఇక సలహాల దగ్గరికొద్దాం. హైదరాబాదులో మా స్నేహితుడు 500 పార్టీ. అతని వాదన వినసొంపుగానే ఉంటుంది. 350కీ 500కీ పిస్టన్ నడిచే దూరం ఒకటే, 90. అడ్డుకొలత 70 బదులు 84. "పద్నాలుగు మిల్లీమీటర్లేరా!" అన్నాడు. పద్నాలుగే. కానీ వైశాల్యం వర్గంలో పెరుగుతుంది గనక 346 కాస్తా 499 అవుతుంది. 87 వేస్తే 535. 2013లో వచ్చిన కాంటినెంటల్ జీటీ కొలత అదే. బ్యారెల్, హెడ్డు, పిస్టన్ అన్నీ మార్చి, కింద కేసు మూతిని లేత్ మీద కోయిస్తే చాలన్నాడు. కోయడం అన్న మాట అతను ఎంత తేలిగ్గా అన్నాడో!

నాకు అడ్డొచ్చింది ఆర్సీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ వాడు చేసినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదంటుంది. కాగితంలో 346 రాసి ఉండగా లోపల 499 పెట్టుకుని తిరగడం ఇంకో ఉద్యోగం చేసేవాడికి సాహసం కావచ్చు. బ్యాంకువాడికి మాత్రం అది ఆడిట్‌లో తేలే వ్యవహారం. నిద్ర పట్టదు.

ఇంకో పార్టీ కంప్రెషన్ పెంచమంది. వీళ్ళెప్పుడూ డిసెంబరు తెల్లవారుజామున అరకులో బుల్లెట్ స్టార్ట్ చేసి ఉండరు. ముందు పెట్రోలు ట్యాప్ తిప్పి, తాళం పెట్టి, కిక్ రాడ్‌ను పాదంతో మెల్లగా అదుముతూ ఆమ్మీటర్ వంక చూడాలి. ఎడమకు వాలి ఉన్న ముల్లు ఒకచోట ఉన్నట్టుండి మధ్యకొచ్చి నిలబడుతుంది. పాయింట్లు తెరుచుకున్నాయన్నమాట, పిస్టన్ పై అంచుకు చేరిందన్నమాట. అప్పుడు ఎడమ చేతి దగ్గరి డీకంప్రెసర్ నొక్కి, కిక్‌ను ఇంకో వేలెడు దించి, డీకంప్రెసర్ వదిలేసి, కిక్‌ను మళ్ళీ పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి తన్నాలి. వరుస తప్పితే కిక్ రాడ్ తిరగబడి పిక్క మీద కొడుతుంది. మామూలు కంప్రెషన్‌కే ఆ దెబ్బకు కళ్ళ ముందు బొర్రా గుహలు కనిపిస్తాయి. దాన్ని ఇంకా పెంచుకుంటే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన కోసం విశాఖపట్నం పోవాలి. అందుకు బండి స్టార్ట్ చెయ్యాలి.

పైగా కంప్రెషన్ పెంచిన ఇంజనును ఎత్తు మీద పెద్ద గేరులో లాగిస్తే, ప్లగ్గు పని పూర్తికాక ముందే మిగిలిన పెట్రోలు తనంతట తాను పేలి లోపల టకటకమంటుంది. అది పిస్టన్ నెత్తి మీద సుత్తి దెబ్బ. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది గనక పాత కార్బరేటరు ఇచ్చే మిశ్రమం కింద కాస్త పలచనవుతుంది. ఎత్తుకు పోతే గాలి తగ్గి చిక్కనవుతుంది. ప్రభుత్వమూ కొండా చెరో వైపు లాగి నా జెట్‌ను సమం చేసిపెట్టాయి. దాన్ని కదపదలచుకోలేదు.

క్యామ్ పార్టీ కుర్రాళ్ళది. కొత్త క్యామ్, పెద్ద కార్బరేటరు, వీధి వీధంతా లేచి కూర్చునే సైలెన్సరు. అవన్నీ కలిస్తే గుర్రాలు పెరిగేమాట నిజమే. కాకపోతే ఆ గుర్రాలన్నీ ఇంజను గింగిరాలు తిరిగేటప్పుడే వస్తాయి. నా బండి ఉన్న పద్దెనిమిదీ చూపించేది నిమిషానికి 5,500 చుట్లు దాటాకే. డముకులో నేను అందులో సగం వేగంతో, ఆర్టీసీ బస్సు వెనక, దాని పొగ పీలుస్తూ పోతాను. ఆ కొత్త బలం ఊపందుకునే లోపు మలుపు వస్తుంది, మలుపు తిరిగితే ఇంకో బస్సు వస్తుంది.

అసలు విషయం ఎవరూ ఎత్తలేదు. అది వేడి. పెట్రోల్లో ఉన్న శక్తిలో చక్రానికి చేరేది పావు వంతు అటూ ఇటూ. తక్కినదంతా వేడే. దాంట్లో కొంత సైలెన్సరు గుండా పోతుంది, మిగిలినదాన్ని బ్యారెల్ చుట్టూ ఉన్న ఇనప రెక్కలు గాలిలోకి వదలాలి. నీళ్ళు లేవు, రేడియేటరు లేదు, ఫ్యాను లేదు. బండి కదిలితే తగిలే గాలే దిక్కు. ఘాట్‌లో ఇంజను అతి ఎక్కువ కష్టపడేది, బండి అతి తక్కువ వేగంతో పోయేది ఒకే క్షణంలో. వేడి పుట్టేదెక్కువ, గాలి తగిలేది తక్కువ. మా ఊరి బొంగులో చికెన్ కూడా ఇలాగే ఉడుకుతుంది, మూసిన గొట్టంలో, సన్నటి సెగ మీద. తేడా ఏమిటంటే బొంగులో చికెన్‌కి నూనె అక్కర్లేదు, బుల్లెట్‌కి కావాలి. ఆ నూనె పలచబడిపోతే పిస్టన్ బోరును పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నచోటే బిగుసుకుంటుంది, ఆ తర్వాతి సంగతి ఎంత గబుక్కున క్లచ్ పట్టుకున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. 500 వేస్తే లాగుడు పెరుగుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది. గాలి మాత్రం పాతదే.

సరిగ్గా ఈ చర్చల మధ్యలో శాన్ హోసే నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, నాదీ విప్పారు" అన్నాడు. వాడిది 1972 నాటి పోర్షే 911. నాలుగు చక్రాలున్న మాటే గానీ దానికీ నీళ్ళు లేవు, గాలితో చల్లబడే జాతే. రిపేరు ఖర్చు డాలర్లలో చెప్పాడు. రూపాయల్లోకి మార్చి, ఎంత భూమి వస్తుందో లెక్కేసి కూర్చున్నాను. అరకులో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1/70 చట్టం ఉంది గనక లెక్క ఎస్.కోట ధరల్లోనే వేశాను.

వాడి తంటా వింటుంటే ప్రాణం లేచొచ్చింది. వాడి బండిలో ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజను. పిస్టన్ అడ్డుకొలత 84. అచ్చం బుల్లెట్ 500 కొలతే! దాన్ని 90 చేస్తే 2.7 లీటర్లవుతుందనీ, పిస్టన్ నడక 70.4 మార్చనక్కర్లేదనీ అక్కడి మేస్త్రి చెప్పాడట. జర్మనీలో కంపెనీ వాళ్ళే 1973లో కరేరా ఆర్ఎస్ కోసం చేసిన పని అది. సిలిండర్ గోడలకు నికాసిల్ పూత వేసి, 210 గుర్రాలు రాబట్టారు. అంటే "ఎలాగూ విప్పావు కదా" అన్న జబ్బు స్టుట్‌గార్ట్‌లోనూ ఉందన్నమాట.

ఫలితం మాత్రం అక్కడా అదే. 1970ల నడిమిలో అమెరికాకు వెళ్ళిన 2.7 ఇంజన్లు పొగ నియంత్రణ సరంజామాతో మరీ వేడెక్కి, మెగ్నీషియం కేసులో బిగించిన హెడ్డు స్టడ్లు ఊడి వచ్చేవి. అదీ ఫ్యాను ఉండగా. పోర్షేకు ఇంజను మీదే బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాను ఉంటుంది, బండి ట్రాఫిక్‌లో నిలబడినా గాలి కొడుతూనే ఉంటుంది. చల్లబరచడానికి బోలెడంత ఆయిలూ ఉంటుంది. నాకు ఉన్నది రెండు లీటర్ల ఆయిలు, డముకు గాలి. అయినా 1998 దాకా ఆ గాలి ఇంజన్లతోనే 911లు వచ్చాయి. ఆ తర్వాత వాళ్ళూ నీళ్ళకు తలవంచారు.

మేస్త్రి ఇవేవీ వినలేదు. నేను చెబుతున్నంతసేపూ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తర్వాత అన్నాడు:

"ఇంజనుకి జబ్బేటీ లేదు బావూ. రింగులు అరిగినాయి, బోరు గీతలడింది. బోరు సేయించి, ఓ సైజు పెద్ద పిస్టనేస్తే సరి. ముందు ఇటు సూడండి."

గేర్ బాక్సు దగ్గర, చైను తిప్పే చిన్న పళ్ళచక్రానికి పట్టిన గ్రీజు స్క్రూడ్రైవర్‌తో గీకి, ఒక పన్నుకు సుద్దతో గుర్తుపెట్టి లెక్కపెట్టాడు. పద్దెనిమిది.

"కంపెనీది పదారు. ఎవులేసారు బావూ ఇది?"

విజయవాడ పెద్దాయన వేయించి ఉంటారు. తప్పేమీ కాదు, ఆయన రోడ్డుకు అదే మంచిది. ఈ చిన్న పళ్ళచక్రానికి రెండు పళ్ళు ఎక్కువైతే ఇంజను తక్కువ తిరిగినా బండి వేగంగా పోతుంది, కృష్ణా బ్యారేజీ మీద హాయిగా ఉంటుంది. కానీ అదే బండిని టైడా దగ్గరికి తెస్తే ప్రతి గేరూ ఒక మెట్టు పైనున్నట్టే. మొదటి గేరు కూడా ఎత్తుకు ఎక్కువే. పద్దెనిమిది తీసి పదహారు వేస్తే చక్రం దగ్గర లాగుడు 12.5 శాతం పెరుగుతుంది. కొండ పట్టుకుపోయిన పది శాతం తిరిగొచ్చి, పైన కాస్త వడ్డీ కూడా మిగులుతుంది. ఇంతటి రాబడికి పెట్టుబడి ఒక చిన్న ఉక్కు చక్రం. మా బ్యాంకులో ఏ డిపాజిట్టుకూ ఈ లెక్క లేదు.

బోరు, పిస్టన్, రింగులు, పదహారు పళ్ళ చక్రం. క్యామ్ పాతదే, కంప్రెషన్ పాతదే, ఆర్సీలో 346, లోపలా ఇంచుమించు 346. "కొత్త పిస్టను గదా, కొన్నాళ్ళు ఘాటెక్కించి సంపేకండి" అన్నాడు మేస్త్రి. అరకులో ఉండేవాడికి ఇది చాలా కఠినమైన షరతు. బండిని ఎస్.కోటలోనే వదిలి రైలెక్కాను. కొండెక్కడానికి రైల్వే వాళ్ళు 58 సొరంగాలు తవ్వుకున్నారు, ఎవరూ వాళ్ళను 535 వేయించమనలేదు.

తర్వాత డముకులో మా ఆవిడ దిగలేదు. రెండో గేరులో, డబడబమంటూ, ఎవరినీ దాటకుండా ఎక్కేశాం. మమ్మల్ని మాత్రం ఒక వందసీసీ బండి దాటేసింది. దాని మీద ముగ్గురు మనుషులు, మధ్యలో క్యాబేజీ బస్తా. వెనక కూర్చున్న కుర్రాడు తిరిగి నా ఇంజను వంక జాలిగా చూశాడు. మా ఆవిడ చెయ్యి ఊపింది.

మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేసినప్పుడు నేను మేస్త్రి దగ్గరే ఉన్నాను, టాపెట్లు సరిచేయిస్తూ. "ఇంతకీ 2.4 ఉంచమంటావా, 2.7 చేయించమంటావా మావయ్యా? మీ మేస్త్రిగారిని అడుగు" అన్నాడు. స్పీకర్ పెట్టాను. మేస్త్రి ఫోను దగ్గరకు వంగి అడిగాడు:

"ఆ కారు ఏ ఘాటెక్కుతాది బావూ?"

"ఘాట్ ఏమీ లేదండీ. ఇంటి నుంచి ఆఫీసుకి, అంతా చదునే. ఆదివారం పూట కాఫీ తాగడానికి తీస్తాను."

మేస్త్రి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"అయితే పెద్దదే ఎయ్యమనండి. కాఫీకే గదా, ఏదేసినా ఎల్తాది."