అచ్చమైన ఇంటివంట: కావలసినవి, చేసే విధానం

ఇంట్లోనే, అన్నీ మొదటి నుంచీ వండుకు తినాలని తీర్మానించుకున్నవారు ముందుగా ఆ 'మొదలు' ఎక్కడుందో తేల్చుకోవాలి. పొయ్యి సంగతి తర్వాత. ఇడ్లీనే తీసుకోండి. వీధి చివర దుకాణంలో పిండి ప్యాకెట్ కొని, పొద్దున్నే రేకుల్లో వేసి ఆవిరి పట్టిస్తే అది ఇంటివంట కాదని ఇప్పటికే తీర్పు వచ్చేసింది. పిండి ఇంట్లో రుబ్బితేనే ఇంటివంట. మరి ఆ రుబ్బే మినప్పప్పు? మిల్లులో పొట్టు తీసి, తెల్లగా చేసి, సంచిలో పోసి ఇచ్చిందే. అంతకు ముందు తరంవారు పొట్టుపప్పు నానేసి, పిసికి, తేలిన పొట్టు వంపుతూ నీళ్ల మీద నీళ్లు మార్చేవారు. ఇడ్లీ రవ్వ కూడా కొన్నదే. కొంచెం వెనక్కి వెళ్తే దాన్ని తిరగలిలో విసిరేవారు, ఇంకా వెనక్కి వెళ్తే బియ్యం కోసం వడ్లు రోట్లో పోసి దంచేవారు. దంచిన ఆమె దృష్టిలో రవ్వ కొనుక్కునే కోడలు బద్ధకస్తురాలు. ఆ కోడలు అత్తగారయ్యాక, పిండి కొనుక్కునే కోడలు బద్ధకస్తురాలు. కాబట్టి మొదటి సూచన: గీత ఎప్పుడూ మీ అలవాటుకు సరిగ్గా ఒక అడుగు అవతల గీయండి. మీరు కొనేదల్లా సరుకు, అవతలివారు కొనేదల్లా బయటి తిండి. ఈ గీత ఎక్కడ ఉండాలో నిర్ణయించేవారికి ఒకే ఒక్క అర్హత కావాలి. రుబ్బే పని వారిది కాకూడదు.

ఇక కావలసిన పదార్థాలు. మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు, ఉప్పు తగినంత, ఆడమనిషి ఒకరు. వంటల పుస్తకాలు చివరిదాన్ని రాయవు, ఉప్పుకన్నా సులువుగా ప్రతి ఇంట్లో దొరుకుతుందన్న నమ్మకం కొద్దీ. ఆ నమ్మకానికి ప్రభుత్వ లెక్కల దన్ను కూడా ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవారు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే మగవారు 97 నిమిషాలు. 'చేసే' అన్న మాట మగవారి విషయంలో చాలా బరువు మోస్తోంది, ఎందుకంటే ఆడవారిలో నూటికి 81 మంది ఆ పని చేస్తుంటే మగవారిలో చేసేవారు 26 మందే. ఈ నిమిషాల్లో వంటతోపాటు ఊడ్చడం, ఉతకడం, తోమడం అన్నీ కలిసి ఉన్నాయి. అయినా వంటిల్లు అందులో చిన్న వాటాదారు అని ఎవరైనా వాదిస్తే వారు వంటింట్లోకి ఎప్పుడూ వెళ్లలేదని అర్థం.

ఇప్పుడు ఆ కష్టం ఎక్కడుందండీ, అన్నీ మిషన్లే చేస్తున్నాయి కదా, అనేది ఇక్కడ మామూలుగా వచ్చే అభ్యంతరం. నిజమే, గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, గ్రైండర్ వచ్చింది. ప్రెషర్ కుక్కర్ నీటిని 100 డిగ్రీల దగ్గర ఆగనివ్వకుండా దాదాపు 120 డిగ్రీలకు తీసుకెళ్లి కందిపప్పును నాలుగు విజిల్స్‌లో మెత్తన చేస్తోంది. పొయ్యి ఊదే బాధ, పొగకు కళ్లు మండే బాధ పోయిన ఇళ్లలో ఇది చిన్న మేలు కాదు. కానీ అదే సర్వేను 2024లో మళ్లీ చేస్తే ఆడవారి 299 నిమిషాలు 289 అయ్యాయి. అయిదేళ్లలో దిగింది పది నిమిషాలు. మగవారి 97 మాత్రం 88కి తగ్గింది, అంటే ఉన్న కాస్తలో తొమ్మిది నిమిషాలు వారూ పొదుపు చేసుకున్నారు. యంత్రం మిగిల్చిన సమయం ఎటు పోయిందో ఊహించడం కష్టం కాదు. ఒక కూర, ఒక పచ్చడితో గడిచిన పూటకు ఇప్పుడు టిఫినుకు రెండు చట్నీలు, సాంబారు, పిల్లల డబ్బాకు వేరే ఐటమ్, రాత్రికి పుల్కా కావాలి. మిషన్ ఉంది కదా! 2021లో వచ్చిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' అనే మలయాళ సినిమాలో మామగారు ఇంకో మెట్టు ఎక్కుతాడు. కుక్కర్ అన్నం పనికిరాదు, కట్టెల పొయ్యి మీద వండాలి. పచ్చడి రోట్లోనే నూరాలి. గొంతు పెంచకుండా, ఎంతో మర్యాదగా అడుగుతాడు. రెండో సూచన కోసం ఆయన్ని గమనించండి. అచ్చమైన రుచిని ఎప్పుడూ మెల్లగా, నవ్వుతూ, కుర్చీలోంచి లేవకుండా కోరాలి.

మూడోది ఖర్చు లెక్క. ఇంటివంట చవక అని నిరూపించడానికి హోటల్ బిల్లు ఒక పక్కన, పప్పూ బియ్యం గ్యాసు ధర ఇంకో పక్కన రాయండి. చేసే మనిషి గంటల దగ్గర సున్నా వేయండి. సున్నా చాలా ముఖ్యం, అది తప్పితే లెక్క మొత్తం తప్పుతుంది. హోటల్‌వాడు వంటమాస్టరుకు జీతమిస్తాడు, గిన్నెలు తోమేవారికి జీతమిస్తాడు, ఆ జీతాలు మీ ప్లేటు ధరలో ఉంటాయి. ఇంట్లో ఆ రెండు ఉద్యోగాలూ ఒకరే చేస్తారు కనుక మనకు గిట్టుబాటు. ఈ సున్నాను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో పైన చెప్పిన 2019 అంకెలనే ఉటంకించి, గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టి తీరాలన్నారు. గొప్ప మాటే. కాకపోతే ఆ లెక్క కాగితం మీదికి రావాలంటే ఆమె ముందు ప్రమాదంలో పోవాలి. బతికున్నంతకాలం సున్నాయే నడుస్తుంది.

ఆరోగ్యం మాటేమిటి అని అడుగుతారు. ఇది గట్టి అభ్యంతరం, వెక్కిరించి దాటేసేది కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఇరవై మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా శుద్ధి చేసిన తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి పెట్టారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. మొదటి రకం తిన్నప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. చిప్సు, కూల్‌డ్రింకులు, ఇన్‌స్టంట్ నూడుల్స్ మీద బతకకూడదని చెప్పడానికి ఇది చాలు. అయితే ఆ ప్రయోగంలో రెండు రకాల భోజనాలూ తయారుచేసింది ఆస్పత్రి వంటశాల సిబ్బంది. తిన్నవారు గరిటె పట్టుకోలేదు. మేలు చేసింది పప్పు, కూరగాయ, గింజ. వండింది ఎవరి ఇల్లాలో కాదు. దుకాణంలో దొరికే ఇడ్లీ పిండిలో ఉండేదీ సాధారణంగా అదే బియ్యం, అదే మినప్పప్పు. కొన్నదంతా విషం, వండిందంతా అమృతం అనే లెక్క ఇక్కడ సాగదు.

సాగదని మన కోస్తా జిల్లాల చరిత్రే చెబుతుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మొదట హైదరాబాద్‌లో పుట్టలేదు. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధి విచారణ విభాగంగా మొదలై, 1958లో ఇక్కడికి వచ్చింది. బెరిబెరి ఆ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాలను పీడించిన జబ్బు. అప్పుడు కర్రీ పాయింట్లు లేవు, ప్యాకెట్లు లేవు. పూటపూటా ఇంటి అన్నమే. కాకపోతే ఆ అన్నం మరబియ్యపు అన్నం. మర తవుడుతోపాటు గింజలోని థయమిన్ అనే విటమిన్‌ను కూడా తీసేస్తుంది. దంపుడు బియ్యంలో అది చాలావరకు మిగిలేది. చూశారా, దంచడం మానేసినందుకే కదా ఇంతా, అని ఒక పెద్దాయన ఇప్పటికే లేచి నిలబడి ఉంటాడు. కూర్చోండి. వడ్లను ముందే నానబెట్టి ఉడికించి మర పట్టే ఉప్పుడు బియ్యం తిన్న ప్రాంతాల్లో ఈ జబ్బు బాధ తక్కువ. ఉడికేటప్పుడు పైపొరల్లోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. అంటే వంటింటి బయట జరిగిన ఒక పని చెరిచింది, వంటింటి బయటే జరగగల ఇంకో పని కాపాడింది. మళ్లీ రోకలి పట్టమని ఎవరినీ బతిమాలనక్కరలేదు. కానీ తెల్లగా మెరిసే సన్నబియ్యం వదులుకోవడంకన్నా వెనకటి ఆడవారి ఓపికను పొగడటం సులువు.

చివరికి రుచి, ప్రేమ. అమ్మ చేతి మహిమ అంటారు. ఇడ్లీ పిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే సూక్ష్మజీవి. అది గింజలతోపాటే వస్తుంది. పప్పు నానబెట్టింది నాన్నగారైనా అది పనిచేయడం మానదు. రాత్రి చల్లగా ఉంటే మాత్రం మొరాయిస్తుంది, అందుకే అమెరికాలో మనవాళ్లు పిండి గిన్నెను లైటు వేసిన అవెన్‌లో పెట్టి బుజ్జగిస్తారు. తాజాగా రుబ్బిన పిండి, అప్పుడే నూరిన గోంగూర పచ్చడి రుచిగా ఉంటాయన్నది కాదనలేని మాట. అన్ని రుచులూ ప్యాకెట్‌లోకి ఎక్కవు. వంట ఇష్టపడి చేసేవారూ ఉన్నారు, వారి ఇష్టాన్ని చాకిరీ అని పేరు పెట్టి లాక్కోనక్కరలేదు. అయితే ఇష్టానికి ఒక గుర్తుంది: ఇవాళ వద్దనుకుంటే మానేయవచ్చు. రోజుకు మూడు పూటలు, ఏడాదికి ఒక్క సెలవు లేకుండా చేసేదాన్ని ప్రేమ అనాలంటే, ఆ ప్రేమను ఇంట్లో మిగతావారు కూడా కనీసం ఆదివారాలు ప్రదర్శించాలి. హైదరాబాద్, విజయవాడ వీధుల్లో సాయంత్రం కర్రీ పాయింట్ల ముందు నిలబడేవారిని చూసి నిట్టూర్చేవారు ఒకటి గమనించాలి. వారు ఇంట్లో అన్నం పెట్టుకునే వచ్చారు. పప్పొకటి, వేపుడొకటి కవర్లో కట్టించుకుని పోతారు. ఎక్కడి దాకా వండాలో, ఎక్కడి నుంచి కొనాలో వండేవారే తేల్చుకున్న ఇల్లు అది. నూనె ఎక్కువంటే ఎక్కువే, వేడి కూర ప్లాస్టిక్ కవర్లో కట్టడమూ మంచిది కాదు, ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకోమనండి. గీతను మాత్రం వారికే వదిలేయండి.

ఇదంతా చదివాక కూడా అన్నీ మొదటి నుంచే జరగాలని గట్టిగా అనిపిస్తే, పద్ధతి తెలిసిందే. మధ్యాహ్నం పప్పు నానబెట్టాలి. సాయంత్రం రుబ్బి, కడిగి పిండిన రవ్వ కలిపి, పొంగడానికి జాగా ఉన్న గిన్నెలో రాత్రంతా ఉంచాలి. పొద్దున రేకులకు నూనె రాసి, పదీ పన్నెండు నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. అందరూ తిన్న వెంటనే రేకులు నీళ్లలో వేయాలి, ఎండితే పిండి ఒక పట్టాన వదలదు. గ్రైండర్ రాళ్ల సందుల్లో కూడా కడగాలి. మళ్లీ మధ్యాహ్నం పప్పు నానబెట్టే వంతు మీదే.