ఓ మామగారి మహజరు

సైబరాబాద్‌లో పిల్లల దగ్గర కాపురముంటున్న రిటైర్డ్ పెద్దల తరఫున ఈ మహజరు సమర్పించుకుంటున్నాను. 1998 నవంబరులో వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు పేపర్లో ఆ గుండ్రటి మేడ ఫోటో చూసి ముచ్చటపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అది పెరిగి పెరిగి రాయదుర్గం దాటి, నానక్‌రామ్‌గూడ దాటి, చివరికి కొండాపూర్‌లో మా డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుందని అప్పుడెవరూ హెచ్చరించలేదు.

మా కోడలు ఇంట్లోంచే ఒక కంపెనీకి పనిచేస్తుంది. ఏం పనమ్మా అని అడిగితే "డాక్యుమెంటేషన్, మామయ్యగారూ" అంది. ఎక్సెల్ షీట్లలోని చార్టులను ఏఐ ఏజెంట్లు సరిదిద్దేలా ఆ కంపెనీ ఒక టూల్ తయారుచేస్తోందట. దాన్నెలా వాడాలో రాయడం ఈవిడ వంతు. చదివేవాళ్లు మనుషులనుకున్నాను. కాదు, ఆ ఏజెంటే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికా కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అని ఒక పద్ధతి బయటపెట్టింది. అందులో ప్రతి టూల్‌కూ ఒక పేరు, ఒక వివరణ, ఏమేం ఇవ్వాలో చెప్పే పట్టీ ఉంటాయి. వాటిని చదివే ఏజెంటు ఏ పనికి ఏది వాడాలో తేల్చుకుంటుంది. వివరణలో మాట తేడా వచ్చిందా, అడిగిన బార్ చార్టు అలాగే ఉండి పక్క షీట్లో అడగని పై చార్టు పుడుతుంది.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఆ వాక్యాల్లో సందిగ్ధం ఉందో లేదో చూడ్డానికి ఇంట్లో మామగారు ఉచితంగా దొరికాడు చూశారూ, అక్కడుంది బాధ. "ఇది చదివి మీకేం అర్థమైందో చెప్పండి మామయ్యగారూ. మీరు తప్పుగా అర్థం చేసుకుంటే అదీ చేసుకుంటుంది." ట్రెజరీలో జీవితమంతా పద్దులు సరిచూసిన మనిషికి దక్కిన గౌరవం ఇది.

మొన్నటి వాక్యం: "చార్టు సంఖ్య 1 ఇవ్వాలి." మొదటి చార్టనుకున్నాను. కాదట, రెండోదట. ప్రోగ్రామర్ల లెక్క సున్నా నుంచి మొదలట. ఆ లెక్కన మా ఇంట్లో పెద్దకొడుకు ఎవడో తేల్చమన్నాను. నవ్వింది గానీ సాయంత్రానికి వాక్యం మారింది: సంఖ్య వద్దు, చార్టు పేరు ఇవ్వు. పేరు తెలియకపోతే ముందు జాబితా తెప్పించుకో. ఊహించకు. ఇందులో నా కృషి ఎంతో ఎక్కడా నమోదు కాలేదు.

ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట అని కూడా ఈ కొలువులోనే తెలిసింది. విప్పితే అంకెలు ఒక కాగితంలో, చార్టు మరో కాగితంలో, చార్టు షీటు మీద ఎక్కడ కూర్చోవాలో ఇంకో కాగితంలో. పైగా చార్టు కాగితంలో అంకెల నకలు ఒకటి విడిగా ఉంటుంది. అసలు మార్చి నకలు మార్చకపోతే కొన్నిచోట్ల పాత బొమ్మే కనిపిస్తుంది. మా ఆఫీసులో అయితే దీనికి మెమో ఇచ్చేవాళ్లు. ఈ మూట ఎలా కట్టాలో చెప్పే ప్రమాణాన్ని 2006లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ ఆమోదించింది. ఆరువేల పేజీల పైమాటే. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్ అని పైథాన్‌లో ఒక పేరున్న లైబ్రరీ ఉంది. కొత్త ఫైలు రాయగలను, ఉన్న ఫైలును చదవలేను, మార్చలేను అని అది తన డాక్యుమెంటేషన్‌లోనే చెప్పేసుకుంది. తనకు చేతకానిది చేతకాదని రాసుకున్న దస్త్రం నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

ఏజెంటు చదివే ప్రతి ముక్కకూ బిల్లు పడుతుందట. అందుకని కోడలు వాక్యాలను కత్తిరిస్తుంది. ఆ అలవాటు వంటింట్లోకీ వచ్చింది. ఫ్రిజ్ మీద చీటీ: "పాలు కాచాలి. పొంగనివ్వకూడదు. పొంగితే స్టవ్ ఆపి నాకు చెప్పాలి. సొంతంగా తుడవకూడదు." చివరి వాక్యం ఎవరికో ఇంటిల్లిపాదికీ తెలుసు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు వినండి. ఏజెంటు టూల్‌కు తప్పు పేరు ఇస్తే, "ఆ పేరుతో చార్టు లేదు, ఉన్నవి ఇవి, వీటిలో ఒకటి ఎంచుకో" అని జవాబొస్తుంది. నేను లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర పెడితే "ఎర్రర్, మళ్లీ ప్రయత్నించండి" అని వస్తుంది. ఎందుకో చెప్పదు, ఏం చేయాలో చెప్పదు. ప్రాణం లేనిదానికి అంత ఓపిగ్గా విడమరిచి చెప్పే దేశంలో, ప్రాణం ఉందని రుజువు చేసుకోవాల్సినవాడికి ఆ పాటి వివరం దొరకదా?

దీనికితోడు మా అపార్ట్‌మెంట్ ట్రెజరర్ కుర్రాడు జనరల్ బాడీలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు మీద బార్ చార్టు చూపించాడు, ఏజెంటు చేతే గీయించాడట. నిరుడు నాలుగు లక్షలు, ఈ ఏడు నాలుగు లక్షల నలభై వేలు. పెరిగింది పదో వంతు. నిలువు అక్షం మూడు లక్షల ఎనభై వేల దగ్గర మొదలవడంతో తెర మీద మూడింతలైంది. ఆడవాళ్లు నిట్టూర్చారు, మగవాళ్లు మెయింటెనెన్స్ పెంపుకు చేతులెత్తారు. ఎవరూ మోసం చేయలేదు. అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే సున్నాను వదిలేస్తుంది. అయితే 1786లో విలియం ప్లేఫెయిర్ బార్ చార్టు అచ్చేసిన నాటి నుంచీ జనం చూసేది బారు పొడుగునే కదా.

"బార్ చార్టు అక్షం సున్నా నుంచి మొదలుపెట్టు; అలా కాకపోతే ఆ మాట అడిగినవాళ్లకు చెప్పు" అని ఒక్క వాక్యం చేర్చమ్మా అన్నాను. "ప్రోడక్ట్ మేనేజర్‌ని అడగాలి మామయ్యగారూ" అంది. ఆ అడగడం ఇంకా జరగలేదు.

కనుక మా అసోసియేషన్ కమిటీకి ఇందుమూలంగా తెలియజేసుకునేది ఏమనగా, ఆ రెండు బార్లనూ సున్నా మీద నిలబెట్టి మళ్లీ చూపించండి. చూపించేదాకా నేను పాత మెయింటెనెన్సే కడతాను. రసీదు ఇవ్వండి.