పొరుగింటి రిజిస్ట్రీ

కాలనీకి ఒక పాల బూత్, ఒక ఇస్త్రీ బండి, ఒక రెజెడిట్ అన్న తప్పనిసరి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ కొట్లో ర్యామ్ చవకో ఆయనకు తెలుసు. కీచైన్‌కు తాళాలకన్నా పెన్‌డ్రైవులే ఎక్కువ. "ఆంటీ, సిస్టమ్‌ది ఏం తప్పు లేదు, రిజిస్ట్రీ పాడైంది" అంటాడు కుర్చీ లాక్కుంటూనే. అప్పటికి కంప్యూటర్ ఇంకా ఆన్ కూడా చేసి ఉండరు.

ఏ డ్రైవర్ ఎక్కడుంది, ఏ ఫైల్ ఏ ప్రోగ్రాంలో తెరుచుకోవాలి అనే వివరాలన్నీ విండోస్ రాసుకునే పద్దే రిజిస్ట్రీ. దాన్ని దిద్దే రెజెడిట్‌లో సేవ్ బటన్ లేదు, అన్‌డూ లేదు. మార్చింది ఆ క్షణమే ఖాయమైపోతుంది. తెలిసినవాళ్ళు భయపడేది దీనికే. అన్నకు నచ్చేదీ ఇదే: "సేవ్ కొట్టే పని కూడా లేదు సార్!"

అయితే ఆయన పేరు ఊరికే మోగలేదు. వైరస్ దెబ్బకు ఏ ప్రోగ్రాం మీద నొక్కినా నోట్‌ప్యాడే తెరుచుకునే సిస్టమ్ ఒకటి దొరికింది. అదే విండోస్ ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి, ప్రోగ్రాంలు ఎలా తెరుచుకోవాలో చెప్పే ఆ ఒక్క రిజిస్ట్రీ కీని రెజ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చాడు. అది వట్టి టెక్స్ట్ ఫైలే. డబుల్ క్లిక్ చేసి 'యెస్' నొక్కగానే అన్నీ దారిన పడ్డాయి. అది సరైన వైద్యమే, కాదనలేం. తర్వాత మెనూ తెరుచుకునే ముందు ఆగే సమయాన్ని చెప్పే మెనూషోడిలే విలువను 400 మిల్లీసెకన్ల నుంచి సున్నాకు దించి, "స్పీడ్ పెంచాను" అని నాలుగు వందలు పుచ్చుకున్నాడు. అంటే మిల్లీసెకనుకు రూపాయి.

ఒక్క కీ తెస్తేనే ఇంత పని జరిగితే, మొత్తం రిజిస్ట్రీ తెస్తే ఇంకెంత జరగాలి?

సిస్టమ్32లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అనే రిజిస్ట్రీ ఫైళ్ళు ఉంటాయి. విండోస్ నడుస్తుండగా వాటిని ముట్టుకోనివ్వదు. అన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మరీ ముట్టుకుంటాడు. పక్క ఫ్లాట్ కంప్యూటర్‌లోవి తెచ్చి ఇక్కడ పెడతాడు. పక్కింటివాళ్ళ రేషన్ కార్డు పట్టుకొచ్చి మన ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టే వ్యవహారం ఇది. ఆ పద్దులో ఉన్న డిస్కులు, డ్రైవర్లు వేరు, ఇక్కడున్నవి వేరు. హార్డ్ డిస్క్‌ను నడిపే డ్రైవరే తేడా వస్తే విండోస్ తెర మీద 7బి లోపం చూపించి చేతులెత్తేస్తుంది. సామ్ ఫైల్ కూడా తెచ్చిపెడితే యూజర్ ఖాతాలూ పాస్‌వర్డులూ అవతలి ఇంటివే అవుతాయి. తన సొంత సిస్టమ్‌లోకి వెళ్ళడానికి అంకుల్ పక్కింటి అబ్బాయిని బతిమాలుకోవాలి.

"భయపడకండి సార్, విండోసే బ్యాకప్ దాస్తుంది" అని రెగ్‌బ్యాక్ ఫోల్డర్ తెరుస్తాడు. అయిదు ఫైళ్ళూ పేర్లతో సహా ఉంటాయి. పక్కన సైజు సున్నా కేబీ అని ఉన్నది మాత్రం ఆయన చూడడు. 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్ నుంచి ఆ బ్యాకప్‌ను మైక్రోసాఫ్ట్ డిఫాల్ట్‌గా ఆపేసింది. ఆ ఖాళీ ఫైళ్ళను ఆయన అసలువాటి మీదే కాపీ కొడతాడు.

ఇక మిగిలింది రెండో కప్పు టీ, "ఫార్మాట్ కొట్టేద్దాం ఆంటీ" అనే మాట.

మీ ఇంటికీ ఈయన వస్తాడు. టీ ఇవ్వండి, మర్యాద చేయండి. రెజెడిట్ తెరిస్తే మాత్రం ముందుగా ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కించండి. ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు వేరే డిస్క్‌లోకి ఎక్కించాకే కీబోర్డు అప్పగించండి. "ఇదంతా ఎందుకు ఆంటీ, నేనున్నాను కదా!" అంటాడు. అందుకేనని చెప్పండి.