పాత వరుడు, పాత వధువు

2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన మా ప్రాంతమున ఒక విడాకుల వ్యవహారము జరిగినది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది మొదలు ఒకే కలెక్టరు ఛత్రచ్ఛాయలో కాపురము చేయుచున్న ఏలూరును, తాడేపల్లిగూడెమును ప్రభుత్వమువారు విడదీసి, ఏలూరును దాని పేరిటనే వెలసిన క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణముగా నిలిపి, గూడెమును భీమవరము పెత్తనము క్రిందికి పంపివైచిరి. అదే కలముతో, కొల్లేటికి ఆవలి వైపున కృష్ణా జిల్లాలో నుండి ఏలూరును దూరమునుండి చూచుచు కాలక్షేపము చేయుచుండిన కైకలూరును తెచ్చి ఏలూరునకు ముడివేసిరి. వకీలు లేడు, వాయిదా లేదు, మనోవర్తి ప్రసక్తి అసలే లేదు. అయినను భీమడోలు, పూళ్ళ, కైకరము మీదుగా పోవు బస్సులు మాత్రము ఈ విడాకులను గుర్తింపక ఇటువారిని అటును, అటువారిని ఇటును యథాపూర్వముగా చేరవేయుచునే యున్నవి. నేను చెప్పబోవు దంపతులు (దంపతులనవచ్చునో కూడదో అప్పటికింకను తేలలేదు) ఆ బస్సులకు నమ్మిన ఖాతాదారులు.

ఆయన ఏలూరులో లెక్కల మాస్టారు. ఆమె గూడెములో ఉల్లిపాయల కమీషను వ్యాపారికి ఏకైక పుత్రిక. తండ్రి యనంతరము కొట్టు చిట్టా ఆవర్జాలు తానే చూచుచు, బస్తాను కంటితో చూచి బరువు చెప్పగల సమర్థురాలు. లెక్కలు తెలిసినవారిద్దరు ఒక ఇంట నుండుట క్షేమము కాదని పెద్దలు ముందే గ్రహింపవలసినది. పరస్పరాంగీకారముతో విడిపోయి పదేండ్లు దాటినది. కారణమేమని అడిగినచో ఆయన పక్షమువారు కొరమీను పులుసనియు, ఆమె పక్షమువారు ఆడపడుచనియు చెప్పుదురు. ఇద్దరిని అడిగినచో ఇద్దరును, ‘ఇప్పుడవన్నీ ఎందుకులెండి’ అందురు. దాంపత్యమున ఆ ఇద్దరి మాట ఏకమైన సందర్భము నేనెరిగినంతలో అదియే ప్రథమము.

కుమార్తెకు వివాహము కుదిరినప్పుడు అసలు చిక్కు వచ్చినది. న్యాయస్థానము భార్యాభర్తలను విడదీయగలదు గాని కన్యాదానపు పీటలను విడదీయజాలదు. ఆడపిల్ల తండ్రి అల్లుని కాళ్ళు కడుగవలెను. కడుగుచున్నంతసేపు ప్రక్కన ధర్మపత్ని కూర్చుండి చెంబుతో నీళ్ళు పోయవలెను. పినతండ్రిని, పినతల్లిని కూర్చుండబెట్టుదమని బంధువులు సూచించిరి. పెండ్లికూతురు, ‘మా అమ్మా నాన్నా కూర్చోకపోతే నేనూ కూర్చోనండి’ అని ఖండితముగా చెప్పివేసినది. కావున శుభలేఖల అచ్చు మొదలు అప్పడముల లెక్క వరకు మాజీ దంపతులు కలిసి తిరుగక తప్పినది కాదు. నాటి వారి సంభాషణ వినదగినది. విడాకులకు పూర్వము ఆయన ఆమెను ‘ఏయ్’ అని పిలిచెడివాడు. ఇప్పుడు ‘మీరేమంటారండీ’ అనుచున్నాడు. ఆమెయు ‘మాస్టారూ’ అనుచున్నది. ఈ పరస్పర గౌరవము పది సంవత్సరముల ముందే అలవడి యుండినచో కోర్టువారికి కొంత శ్రమ తగ్గి యుండెడిది.

పెండ్లినాడు ఆమె పోసిన నీళ్ళు సగము అల్లుని పాదములపైనను, సగము ఆయన పట్టుపంచెపైనను పడినవి. పూర్వమైనచో దానికొక వారము మౌనవ్రతము నడిచెడిది. ఆనాడు ఆయన కిక్కురుమనక, తడిసిన పంచెతోనే తాంబూలములు పంచిపెట్టెను. అప్పగింతలైన పిమ్మట చెరియొక బస్సు ఎక్కవలసిన వారు ఒకే బస్సు ఎక్కిరట.

మన దేశమున పడుచువారు వలపును తల్లిదండ్రులకు దాచుదురు. నడివయస్సువారు బిడ్డలకు దాచుదురు. ఈ రెండవది కష్టతరము, ఏలయనగా తల్లిదండ్రులకు మన సెల్‌ఫోను తెరచుట రాదు, బిడ్డలకు వచ్చును. ఈ భయముచేత మాస్టారు ఆమె పేరును ఫోనులో ‘ఉల్లిపాయలు, గూడెం’ అని వ్రాసికొనెను. రాత్రి పదిగంటలకు ఉల్లిపాయలనుండి పిలుపు వచ్చుట చూచి అల్లునికి అనుమానము కలిగెనే గాని, బుద్ధిమంతుడగుటచే ఉల్లి ధర మాత్రమే అడిగి ఊరకుండెను. గుట్టు బయటపడినది ఆటపాకలో. కైకలూరు చేరువనున్న ఆ పక్షి కేంద్రమున గూడబాతుల కొరకు అటవీశాఖవారు నీటిలో ఇనుప స్టాండ్లు పాతించినారు; ఆ పక్షులు అద్దె లేని ఆ ప్రభుత్వ వసతిపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకొనుచున్నవి. వాటి దాంపత్యము ఒక్క ఋతువునకే పరిమితము. మరుసటి ఋతువునకు జోడు వెదకికొనుట మామూలే గనుక వాటికి కోర్టుతో పని లేదు. వాటిని చూచుటకై పడవ ఎక్కిన మా జంటను అదే పడవలోనున్న ఆడపడుచు, ఆ చేపల పులుసునాటి ఆడపడుచే, పక్షులను విడిచి తదేకదృష్టితో తిలకించినది.

ఇంకేమున్నది, బంధుసభ కూడినది. ‘ఈ వయసులో ఇదేం చోద్యమండీ?’ అని ఒకరు. ‘పోనీ వేరే సంబంధమైనా కాదు, మళ్ళీ వాడేనా!’ అని మరియొకరు. ఈ రెండవ యాక్షేపణ నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు వాదోపవాదములకు పరాశరస్మృతి యుండెను. అందు స్త్రీ మరల వివాహమాడదగిన ఆపదలు ఐదు చెప్పబడియున్నవి గాని, విడిచిన మగనినే మరల చేపట్టుట అను ఆరవ ఆపద పరాశరుని ఊహకందినట్లు లేదు. విడాకులన్నచో మన మదరాసు రాష్ట్రమునకు 1949లోను, దేశమునకెల్ల హిందూ వివాహ చట్టముతో 1955లోను వచ్చినవి. పరస్పరాంగీకారముతో విడిపోవు సదుపాయము 1976 సవరణతో కలిగినది. మనస్సు మార్చుకొనుటకు ఆ చట్టము ఆరు మాసముల గడువు పెట్టినది. అవసరమైనచో దానిని సడలింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు సెలవిచ్చినది. ఆరు మాసములలో తేలవలసిన లెక్క మాస్టారికి పదేండ్లు పట్టినదనుటయే గాని, విడిపోయినవారు ఒకరినొకరు మరల పెండ్లాడరాదని ఏ చట్టమునందును లేదు.

ఆ సభలోని ఒక మేనమామకు ఇంగ్లీషు సినిమాల పరిచయము మెండు. రిచర్డ్ బర్టన్, ఎలిజబెత్ టేలర్ 1964లో పెండ్లాడి, 1974లో విడిపోయి, 1975లో బోట్స్‌వానా దేశమున మరల పెండ్లాడి, 1976లో మరల విడిపోయిరని ఆయన భయపెట్టెను. ‘బోట్స్‌వానా దాకా ఎందుకు మామయ్యా, మన ద్వారకా తిరుమలకు రండి’ అంటిని. ఆ చిన్న తిరుపతి వేంకటేశ్వరునికి వైశాఖమునొకమారు, ఆశ్వయుజమునొకమారు ఏటా రెండు కల్యాణములు. వధువులు వారే, వరుడును ఆయనయే. ఆయనను ఏ మేనమామయు వయస్సడిగి యెరుగడు. సభ అంతటితో కాఫీలకు లేచినది.

పెండ్లి ప్రత్యేక వివాహ చట్టము క్రింద రిజిస్ట్రారు కచేరీలో జరిగినది. ముప్పది దినముల నోటీసు అంటించిరి. ఎవరికైన అభ్యంతరమున్నచో చెప్పుకొనవచ్చునను ఆ కాగితమును మా బంధువులెల్లరు వచ్చి చదివిరి గాని, వ్రాతపూర్వకముగా సంతకము చేయవలసి వచ్చునని తెలిసి వెనుదిరిగిరి. ముగ్గురు సాక్షులలో నేనొకడను. గుమాస్తా విడాకుల డిక్రీ నకళ్ళు అడిగెను, ‘అబ్బాయిదొకటి, అమ్మాయిదొకటి’ అని. ఇద్దరికిని ఒకటే డిక్రీయని చెప్పగా ఆయన కళ్ళజోడు సవరించుకొని, వరుని ఫొటోను, వధువు ఫొటోను, డిక్రీని మార్చిమార్చి చూచి, ‘మరి అప్పుడెందుకు విడిపోయారండీ?’ అనెను. ‘ఇప్పుడవన్నీ ఎందుకులెండి’ అని ఇద్దరును ఏకకంఠముగా పలికిరి. ఆమె బయటికి వచ్చుచు, ‘ఏవండీ, గొడుగు’ అన్నది. మాస్టారు వెనుకకు పోయి తెచ్చెను.

పాఠకులకొక మనవి. ఇటువంటి శుభలేఖ మీకును వచ్చినచో తప్పక వెళ్ళుడు, వయస్సు ప్రస్తావన చేయకుడు, చదివింపులు నగదు రూపముననే ఇయ్యుడు. ఆ యింట ఇప్పటికే మిక్సీలు రెండు, గ్రైండర్లు రెండు, ఫ్రిజ్జులు రెండు ఉన్నవి. ఏది అమ్మవలెనో తేలక వారు మొన్ననే మరల పోట్లాడుకొనిరి.