టేపు ఇంట్లో పెట్టి ఇల్లు కొనే విధానం

తమిళనాడులోని ధర్మపురి పక్కన చెట్టికరైలో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కాలేజీ ఉన్న ఊళ్లో ఇంటి ప్రకటన రాయడం మహా తేలిక. కాలేజీకి దగ్గర, 1200 చదరపు అడుగులు, వెంటనే గృహప్రవేశం. ఇలాంటిది కంటబడగానే మీరు చేయాల్సిన మొదటి పని ఆ 1200ను నమ్మేయడం. ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచారని అడిగితే అమ్మేవాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

ఇల్లు చూడబోయేటప్పుడు టేపు తీసుకెళ్లకండి. చాదస్తం కొద్దీ తీసుకెళ్లారే అనుకోండి, బయటే పట్టండి. ఈ గోడ అంచు నుంచి ఆ గోడ అంచుకు 30, అటు 40. లెక్క 1200కు సరిపోయింది, కాఫీ తాగి వచ్చేయండి. లోపల పట్టారంటే చిక్కే. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా పోగా మిగిలేది 28న్నర ఇంటూ 38న్నర, అంటే 1097. తక్కిన 103 అడుగులూ బయటి గోడల్లో ఉన్నాయి. వాటికీ డబ్బిచ్చింది మీరే కాబట్టి అప్పుడప్పుడు ఆ గోడల్ని ఆప్యాయంగా తడుముతూ ఉండండి. సజ్జా, మెట్ల కింద చోటూ కూడా లెక్కలో కలిపితే కాదనకండి. పెద్దమనిషి తరహా అంటే అదే.

హోసూరులోనో బెంగళూరులోనో ఫ్లాటయితే సుఖం ఇంకా ఎక్కువ. అక్కడ సూపర్ బిల్టప్ అనే ఏర్పాటుంది. లిఫ్టు, మెట్లు, వరండా, వాచ్‌మన్ గది, అన్నింట్లోనూ మీకు వాటా. పడుకోవడానికి మాత్రం వీల్లేదు. 2016లో రెరా చట్టం వచ్చి ఈ సరదా చెడగొట్టబోయింది. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో రాసిపెట్టింది: బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, బాల్కనీ, సొంత టెర్రస్ లెక్కలోకి రావు, లోపలి అడ్డగోడలు వస్తాయి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ప్రాజెక్టును రెరాలో నమోదు చేయనక్కర్లేదు. ఊళ్లో విడి ఇల్లు కొనేవాడి ఆనందానికి ఢోకా లేదన్నమాట.

ఒక్క జాగ్రత్త. భాగహారం జోలికి పోకండి. అడుగు నాలుగు వేల చొప్పున 1200 అడుగులకు 48 లక్షలు. లోపల కార్పెట్ 850 అడుగులే అయితే మీరు కొన్నది అడుగు 5,647 రూపాయలకు. ఇది తెలిసినవాడికి ఆ రాత్రి నిద్రపట్టదు.

ఇక స్థలం. ఇక్కడ ఎవరి లెక్క వాళ్లది. పట్టాలో హెక్టార్లు, ఆర్లు. అమ్మేవాడి నోట సెంట్లు. ప్రకటనలో అడుగులు. చెన్నై మామయ్య గ్రౌండు అంటాడు, హైదరాబాదు అల్లుడు గజాలంటాడు, నెల్లూరు వియ్యంకుడు అంకణాలంటాడు. మూడు సెంట్లంటే దాదాపు 1,307 అడుగులు, 145 గజాలు, నెల్లూరు లెక్కన 18 అంకణాలు. పట్టాలో మాత్రం 1.21 ఆర్లు అని బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. తిరుపతిలో అంకణం 36 అడుగులే, నెల్లూరులో 72. ఇన్ని లెక్కల నడుమ యాభై అడుగులు జారిపోతే వెతికేదెవరు?

"పట్టా ఒకసారి చూపిస్తావా అన్నా?"

"పట్టా ఎందుకన్నా, నేనుండాను కదా!"

ఈ మాట వినగానే అడ్వాన్సు తీసి ఇవ్వండి. దస్తావేజులో చెక్కుబందీ చదవకండి. విస్తీర్ణానికీ నాలుగు హద్దులకూ పొంతన కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. కాగితం మీద 1,307 ఉండి హద్దుల మధ్య 1,250 ఉంటే మీ కాపురం 1,250లో. మిగతా 57 బీరువాలో, దస్తావేజుతో పాటు భద్రంగా ఉంటాయి.

ఇంత సుఖం వద్దనే మొండిఘటాలకు ఇంకో దారి ఉంది. సర్వే నంబరు, సబ్ డివిజన్ నంబరు తెలిస్తే తమిళనాడు ప్రభుత్వ ఈ-సేవల వెబ్‌సైటులో పట్టా, ఎఫ్ఎంబి నక్షా చూసుకోవచ్చు. ఆ నక్షాలో ఒక్కో పక్క పొడవు రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని స్థలం మీద నడవండి. అనుమానం వస్తే ఫీజు కట్టి తాలూకా సర్వేయర్‌తో కొలిపించండి. ఇల్లయితే ఒక్కో గదిలో లోపలి గోడ నుంచి లోపలి గోడకు టేపు పట్టండి. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే.