పాలెగాడి వంశం రాయాలంటే ముందు కత్తి కింద పెట్టండి

ఊహాలోకంలో ఒక చిన్న వీరవంశాన్ని కల్పించి దాని చరిత్ర రాయాలని ఉబలాటపడే కుర్రకారు ఇప్పుడు తెలుగులో బాగానే ఉన్నారు. వాళ్లకు అందరూ ఇచ్చే సలహా దాదాపు ఒకటే. ముందు రాజ్యం పటం గీయమంటారు, జెండాకు రంగు ఎంచమంటారు, మూలపురుషుడి చేతికి మహిమగల కత్తి ఇవ్వమంటారు, చివర్లో ఒక మహాయుద్ధం పెట్టి ముగించమంటారు. నా సలహాలన్నీ వీటికి అడ్డంగా ఉంటాయి. పాటిస్తే కథ చెడిపోతుందని మీ చుట్టూ ఉన్న నలుగురూ చెబుతారు. వాళ్ల మాట వినొద్దు. కర్నూలు, కడప సీమల్లో పాలెగాళ్లనే చిన్న వీరవంశాలు తరతరాలు నిజంగానే బతికాయి, నిజంగానే చితికిపోయాయి. వాళ్ల సంగతులు చదివినకొద్దీ నాకు ఈ సలహాల మీద పట్టుదల పెరుగుతూ వచ్చింది.

మొట్టమొదట కత్తి కింద పెట్టి భాగహారం చేయండి.

ఈస్టిండియా కుంపిణీ మీద తిరగబడ్డ పాలెగాడి వారసుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు వినని తెలుగువాళ్లు అరుదు. 2019లో సినిమా వచ్చింది, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఆయన కథలో నన్ను పట్టి కుదిపే సంగతి మాత్రం ఒక అంకె: నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కుంపిణీ ప్రభుత్వం ఆయనకు కట్టిన తవర్జీ, అంటే భరణం, అది. చివర ఆ ఎనిమిది పైసలు ఎందుకొచ్చాయో చూడండి. ఏలుకున్న పాలెం పోయాక ఆ కుటుంబానికి కుంపిణీ విదిలించిన భరణం నెలకు 70 రూపాయలు. అందులో సగం పినతండ్రి వైపుకు పోయింది. మిగతా 35 రూపాయలు ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవాలి. తలా పదకొండు రూపాయలు పోతే రెండు మిగిలాయి. ఆ రెంటికీ ముప్పై రెండు అణాలు, తలా పది. ఇంకా రెండణాలు మిగిలాయి. అణాకు పన్నెండు పైల (జనం నోట పైసల) లెక్కన ఇరవై నాలుగు, తలా ఎనిమిది. ఒక్క పైసా అటూ ఇటూ పోలేదు.

ఊళ్లకు ఊళ్ల మీద శిస్తు దండుకున్న వంశం మూడో తరానికో నాలుగో తరానికో ఈ లెక్కకు వచ్చి నిలబడుతుంది. ఏ గుమాస్తా కూర్చుని ఈ పైసలు తేల్చాడో గానీ, వంద పేజీల యుద్ధవర్ణనలో లేని ఉక్రోషం ఈ ఒక్క లెక్కలో ఉంది. 1846లో ఆ తవర్జీ తెమ్మని కోయిలకుంట్లకు మనిషిని పంపితే తాసిల్దారు నోటికొచ్చినట్టు మాట్లాడి, రెడ్డినే వచ్చి తీసుకోమన్నాడని సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జూలైలో నరసింహారెడ్డి వచ్చాడు. ఖజానా మీద పడ్డాడు. మీ ఊహాలోకంలో కూడా తిరుగుబాటుకు కారణం ఏ భవిష్యవాణో అయితే నాకు రుచించదు. నెలజీతం ఎంత, ఎవరు కోశారు, ఎవరి ముందు చేయి చాచాల్సి వచ్చింది, ముందు ఇది రాసుకోండి.

మూలపురుషుణ్ని కావలివాణ్ని చేయండి. దేవతాంశ వద్దు, రాచరక్తం వద్దు. మన పాలెగాళ్లలో చాలామంది మొదలైంది ఊరి కావలి దగ్గరే. రాత్రి పంట కాయడం, సంతకు పోయే బాటసారిని కనుమ దాటించడం, దొంగతనం జరిగితే సొత్తు తెచ్చివ్వడం లేదా విలువ కట్టి ఇచ్చుకోవడం. దానికి ఊరు ఇచ్చే రుసుము, కాస్త మాన్యం. పైన ప్రభువు గట్టిగా ఉన్నన్నాళ్లూ అతను కావలివాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం కుదేలైంది, పైనుంచి అదుపు సడలింది. అప్పుడు ఆ రుసుమే కప్పమైంది, ఆ బురుజే కోటైంది. దొంగను పట్టేవాడికీ దోచేవాడికీ నడుమ గీత చెరిగిపోయిన ఆ రెండు మూడు తరాలే మీ నవలలో అన్నిటికంటే బలమైన భాగం కావాలి. అక్కడ నిదానంగా నడవండి.

వంశం చెప్పుకునే అబద్ధాలు తీసేయొద్దు. కుందేలు వేటకుక్కలను ఎదిరించి తరిమిన చోటు చూసి కోట కట్టాడని, పుట్టలో నిక్షేపం దొరికిందని, మా మూలం సూర్యుడని ప్రతి వంశమూ ఏదో ఒకటి చెప్పుకుంటుంది. బుద్ధిమంతుడైన సంపాదకుడు ఇవి కొట్టేస్తాడు. మీరు ఉంచండి, దాని పక్కనే కరణం రాసిన శిస్తు పద్దు కూడా పెట్టండి. కుంపిణీ సర్వేయరు మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులనే ఊరి చరిత్రలు అలాగే ఉంటాయి. అడవి కొట్టి ఊరు కట్టిన వైనం, గుడిలో వెలిసిన దేవుడి మహిమ, ఏ పాలెగాడు ఎవరిని చంపి ఊరు పట్టుకున్నాడు, ఎవరికి ఎంత మాన్యం నడిచింది, అన్నీ ఒకే గొంతుతో, ఒకే ధాటిగా సాగిపోతాయి. కల్పన రాసేవాళ్లకు అంతకన్నా మంచి వచనం నేర్పే బడి లేదని నా నమ్మకం. పక్క అనంతపురం సీమలో హండె వంశం వాళ్ల చరిత్ర కూడా ఇలాంటిదే. దాన్ని తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌను దొర ఇంగ్లీషులోకి మార్చి 1853లో అచ్చు వేయించాడు. ఒక చిన్న పాలెగాడి ఇంటి కథ ఆ రోజుల్లోనే సముద్రాలు దాటే రూపు కట్టుకుందంటే, చిన్న వంశానికి చదువరులు ఉండరన్న మాట నిలవదు.

పై ప్రభువులను ఎక్కువమందిని పెట్టండి. ఒక్క దుష్ట చక్రవర్తి చాలడు. కడప వైపు ఒక పాలెగాడి ఇంటి రెండున్నర శతాబ్దాలు చూస్తే విజయనగరం, గోల్కొండ, మొగలాయీలు, కడప నవాబులు, హైదరు, టిప్పు, నిజాం, చివరికి 1800లో కుంపిణీ. ఈ ఏడాది పేష్కస్ అనే కప్పం ఎవరికి కట్టాలి? ఇద్దరూ అడిగితే? కట్టకుండా ఎన్నాళ్లు కొండెక్కి దాక్కోవచ్చు? చిన్న దొరకు ప్రతి ఏడూ ఉండే యుద్ధం ఇదే.

ఇప్పుడు అందరికంటే ఎక్కువ కోపం తెప్పించే సలహా. శత్రువును మంచివాణ్ని చేయండి.

నిజాం కుంపిణీకి వదులుకున్న దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల వెన్ను విరిచినవాడు. వాళ్ల బంట్లను చెదరగొట్టించి, ఊళ్లు లాక్కుని, లొంగినవాళ్లకు భరణాలు కట్టి కూర్చోబెట్టాడు. 1802లో 80 మంది పాలెగాళ్ల పూర్వాపరాలు ఒక్కొక్కరివీ విచారించి పైవాళ్లకు నివేదిక పంపాడు. ఆ వంశాల గురించి ఇప్పుడు తెలిసినదాంట్లో చాలాభాగం వాళ్లను తుడిచిపెట్టినవాడి చేతిరాతలోనే మిగిలింది. ఈ సీమ రైతులేమో పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడని కథ కట్టుకున్నారు. 1827లో కలరా తగిలి ఆయన కన్నుమూసింది కూడా మన కర్నూలు సీమలోని పత్తికొండలోనే. పాలెగాడి పీడ వదిలిందని ఊపిరి పీల్చుకున్న రైతు, పాలెగాడి కోసం ప్రాణమిచ్చిన బోయ బంటు, ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. ఇద్దరూ నిజమే చెబుతారు. మీ పుస్తకంలో ఇద్దరికీ నోరు ఇవ్వండి.

ఆ బంటుకు పేరు కూడా పెట్టండి. నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో బోయలు ఉన్నారు, చెంచులు ఉన్నారు, మాన్యాలు పోతాయని రగిలిన కట్టుబడి బంట్లు ఉన్నారు. పట్టుబడ్డవాళ్లూ జైళ్లలో మగ్గినవాళ్లూ వందల్లో ఉన్నారు. వంశవృక్షంలో వాళ్లకు కొమ్మ ఉండదు. కల్పనలోనైనా ఆ లోటు తీర్చకపోతే మీరు రాయడం ఎందుకు?

వీరుణ్ని పుస్తకం సగంలోనే చంపేయండి. చివరి పేజీ దాకా బతికించొద్దు. నరసింహారెడ్డి 1846 అక్టోబరులో పేరుసోముల కొండల్లో దొరికాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కలెక్టరు కాక్రేన్ ఎదుట ఉరి తీశారు. సినిమా అయితే అక్కడితో ఆగుతుంది. అసలు వంశచరిత్ర అక్కడ మొదలవుతుందని నేనంటాను. ఆయన తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. ముప్పై ఏళ్లు. ఉరి తీసిన ఏడాది పుట్టిన బిడ్డకు పెళ్లయి, పిల్లలు పుట్టినా ఆ తల అక్కడే ఉంది. ఆ దారినే పెళ్లి బళ్లు పోయాయి, నల్లరేగడిలో పండిన పత్తి బళ్లు పోయాయి, తాసిల్దార్లు బదిలీ మీద వచ్చారు, పోయారు. కుంపిణీ పోయి రాణి పాలన వచ్చింది. కర్నూలు కడప కాలువ తవ్వారు. 1866లో కరువు వచ్చింది. అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి ఆ కరువులో వేలమందికి గంజి పోసి ప్రాణాలు నిలిపాడు. నరసింహారెడ్డినీ ఆయననూ కలిపి రేనాటి సూర్యచంద్రులని పిలుచుకుంటారు. 1876లో అంతకంటే పెద్ద కరువు విరుచుకుపడింది. ఈ ముప్పై ఏళ్లూ నరసింహారెడ్డి ఇంటి ఆడవాళ్లు కోయిలకుంట్ల సంతకు ఏ దారిన వెళ్లారు? తలెత్తి చూశారా? పిల్లలకు ఏమని చెప్పారు? ఏ గెజెటీరులోనూ ఈ జవాబులుండవు. ఊహాలోకం కట్టే శక్తి మీకు దేవుడిచ్చింది ఇలాంటి చోట్ల వాడడానికే.

పటం సంగతి ఒక్క మాట. గీయాలనే ఉంటే సరిహద్దులు గీయొద్దు, నేలలు గీయండి. కుందూ నది ఒడ్డున నల్లరేగడి ఎక్కడిదాకా ఉంది, ఎక్కడ ఎర్రనేల మొదలై రాళ్లు తేలాయి, ఏ చెరువుకు గండి పడింది, నల్లమలలోకి ఏ కనుమ గుండా గుర్రం పోతుంది, ఏ కనుమకు మనిషి మాత్రమే పడతాడు. ఏ వంశం ఎన్నేళ్లు నిలుస్తుందో దీన్నిబట్టే తేలుతుంది.

పద్దులకూ కల్పనకూ పొత్తు కుదరదనుకోవద్దు. కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో రాసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి సర్కారు ఉద్యోగి. అంతకు ముందు 1872లో తెలుగులో తొలి నవలల్లో ఒకటైన శ్రీరంగరాజ చరిత్ర రాసింది కూడా ఆయనే. పద్దులు రాసిన చేత్తోనే కల్పన రాయడం ఈ సీమలో కొత్తేమీ కాదు.

చివరగా అడిగేది ఒకటుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక పాత కవిలెలు, దస్తరాలు, మాన్యాల కాగితాలు ఎన్నో ఆ ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో అలాంటి కట్ట ఉంటే చెదలు పట్టకముందే విప్పి ఫొటోలు తీయండి. అసలు ప్రతిని కడపలో బ్రౌను గ్రంథాలయానికి ఇవ్వండి. మీ నవల ఆ తర్వాత మొదలుపెట్టండి.