బావగారి కరెంటు

తార్నాకలో కాపురం పెట్టడంలో ఒక చిక్కుంది. మనం ఏ పని మొదలుపెట్టినా, ఆ పనికి సంబంధించిన రిటైర్డ్ శాస్త్రవేత్త ఒకాయన అదే వీధిలో ఉంటాడు. ఉప్పల్ రోడ్డు పొడుగునా రసాయనాల ఐఐసీటీ, భూమి లోపలి సంగతుల ఎన్‌జీఆర్‌ఐ, జీవకణాల సీసీఎంబీ. మరోవైపు జాతీయ పోషకాహార సంస్థ. వెనకాల ఉస్మానియా యూనివర్సిటీ. వీటిలో పదవీ విరమణ చేసిన పెద్దలంతా పొద్దున్నే క్యాంపస్‌లో నడిచి, ఆర్ట్స్ కాలేజీ ముందు కాసేపు ఆగి, దేశానికి పనికొచ్చే సలహాలు కొన్ని తయారుచేసి ఇళ్లకు పోతారు. అలాంటి వీధిలో మా బావగారు సొంతంగా డీజిల్ జనరేటరు కట్టాలని సంకల్పించారు.

అవి 2012, 2013 నాటి రోజులు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాసు తగ్గిపోయి, దాని మీద నడిచే కరెంటు ప్లాంట్లు పడకేశాయి. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఇళ్లకు కోతలు. 2012 జులై ఆఖర్లో ఉత్తరాది గ్రిడ్డు కుప్పకూలి సగం దేశం చీకట్లో కూర్చుంది. మన దక్షిణాది గ్రిడ్డు అప్పటికింకా దానితో కలవలేదు కాబట్టి మనకేమీ కాలేదు. మన వాటా చీకట్లో మనం మామూలుగానే కూర్చున్నాం.

బావగారిది భువనగిరి పక్కన పల్లె. వాళ్ల బావి దగ్గర ఒక ఆయిల్ ఇంజన్ ఉండేది. రాజ్‌కోట్‌లో పోతపోసిన సరుకు, లిస్టర్ మోడలు. ఆరు హెచ్‌పీ, ఒకటే సిలిండరు, అటొకటి ఇటొకటి ఫ్లైవీళ్లు. 2004లో రైతులకు ఉచిత కరెంటు వచ్చాక మోటారు బిగించుకుని దాన్ని చింతచెట్టు కింద పడేశారు. పల్లెలో కరెంటొచ్చి రిటైరైన ఇంజన్ పట్నంలో కరెంటు పోయి మళ్లీ ఉద్యోగంలో చేరింది. డీసీఎంలో దిగిన దాన్ని చూసి హమాలీ మా అక్కనడిగాడు: "అమ్మా, గిది ఇంట్ల పెట్టుకుంటరా?" అక్క జవాబు చెప్పలేదు. బావగారి వైపు చూసింది.

"ఏమోయ్, కరెంటు తీయడమంటే ఏముంది? తిప్పడమే!" అన్నారాయన నాతో. సూత్రంగా చూస్తే అది నిజమే. కాకపోతే ఎంత వేగంతో తిప్పాలన్నది ఉంది. మన ఇళ్లలోకి వచ్చే 50 సైకిళ్ల కరెంటు కావాలంటే నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. ఇంజనేమో 650 దాటనంటుంది. అందుకని ఇంజన్ వైపు పెద్ద పుల్లీ, ఆల్టర్నేటరు వైపు అందులో సగానికన్నా చిన్నది, మధ్యలో వీ-బెల్టులు. ఆల్టర్నేటరు రాణిగంజ్‌లో దొరికింది. సెకండ్‌హ్యాండని అమ్మినవాడన్నాడు. అది ఎన్నో హ్యాండో దాని రంగు చూస్తేనే తెలుస్తోంది.

స్టార్ట్ చేయడం కూడా ఒక విద్యే. డీకంప్రెషన్ లివరు ఎత్తిపెట్టి, హ్యాండిల్ తగిలించి, ఫ్లైవీలు ఊపందుకునేదాకా తిప్పాలి. సరిగ్గా ఆ క్షణంలో లివరు దించాలి. ముందు దించితే హ్యాండిల్ ఎదురు తంతుంది, ఆలస్యమైతే తిప్పేవాడి ఊపిరి అయిపోతుంది. తిప్పేది బావగారు, దించేది అక్క. ముప్పయ్యేళ్ల కాపురంలో ఎవరి మాట ఎవరు ఎప్పుడు వినాలో తేల్చుకోనివాళ్లు ఆ లివరు దగ్గర తేల్చుకున్నారు.

ఇంజన్ అందుకుంది. డబ్, డబ్, డబ్. నల్లటి పొగ ఒక ముద్ద పక్కింటి ఉతికిన బట్టల మీదికి సాగింది. ఆల్టర్నేటరు గిర్రున తిరుగుతోంది. బల్బు మాత్రం వెలగలేదు. వీధి వీధంతా గేటు దగ్గర చేరింది. తీగలు చూశారు, ఫ్యూజు చూశారు, బల్బు మార్చారు. ఒకాయన వాస్తు కూడా చూశారు.

చివరికి క్యాంపస్‌లో ఇంజనీరింగ్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. ఏమీ ముట్టుకోకుండా కాసేపు చెవి ఒగ్గి విన్నారు. "ఇనుములో కాస్తంత అయస్కాంతం మిగిలి ఉండాలండీ, దానితోనే మొదలవ్వాలి. ఏళ్ల తరబడి మూలన పడి అది కాస్తా పోయింది. గుర్తుచేయాలి" అన్నారు. మిషను ఆపించి, రెగ్యులేటరు తీగలు విప్పి, నా స్కూటరు బ్యాటరీ తెప్పించి, రెండు తీగలు ఫీల్డు టెర్మినళ్లకు ఇలా తాకించి అలా తీసేశారు. తీగలు మళ్లీ బిగించి ఇంజన్ తిప్పమన్నారు. ఈసారి బల్బు మొదట ఎర్రగా, తర్వాత పచ్చగా, ఆ తర్వాత తెల్లగా వెలిగింది. "ఇన్నేళ్లూ పిల్లలకు చేసిందీ ఇదే" అని చెప్పి టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

వెలిగింది గానీ, కునుకుతూ వెలిగింది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకోసారి పేలుతుంది. అంటే నిమిషానికి 325 పేలుళ్లు. ప్రతి పేలుడుకూ బల్బు ఒకసారి కన్నుకొట్టేది. ఫ్రిజ్ కంప్రెసరు అందుకుంటే ఇంజన్ మూలిగేది, ఫ్యాను నెమ్మదించేది. అక్క దోశెల పిండికి గ్రైండరు వేస్తే వీధి చివరిదాకా తెలిసేది. ఎన్‌జీఆర్‌ఐలో పనిచేసిన పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, "ఇది భూకంపం కాదని మావాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పనా?" అని మర్యాదగా అడిగారు. కొత్త జనరేటరు సెట్ల శబ్దం మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని 2005 నుంచి నిబంధన ఉందని ఇంకొకరు గుర్తుచేశారు. "మాది అంతకుముందు పుట్టింది" అన్నారు బావగారు.

ఐఐసీటీ పెద్దాయనకు శబ్దం మీద అభ్యంతరం లేదు, డీజిలు మీదే. కానుగ నూనె పోయమన్నారు. అది ఊరికే చెప్పిన మాట కాదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ చెట్లు పెంచి, నూనె గానుగ నడిపి, 2003లో 147 టన్నుల కార్బన్ క్రెడిట్లను ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. అసలు డీజిలు ఇంజనే 1900 నాటి పారిస్ ఎగ్జిబిషన్లో పల్లీ నూనెతో నడిచింది. పల్లీ నూనె మాట వినగానే పోషకాహార సంస్థలో చేసినాయన లేచారు. తినే నూనె తగలెట్టడమేమిటని ఆయన, పొగకన్నా పల్లీ వాసన నయం కదా అని ఈయన. ఆ చర్చ సాగినంతసేపూ ఇంజన్ డీజిలు తాగుతూనే ఉంది. దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913 సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్తూ ఓడ మీదనుంచి మాయమైపోయాడు. ఆయనది కూడా ఇలాంటి వీధేనేమోనని నా అనుమానం.

ఖర్చు మాట ఎత్తకూడదు గానీ ఎత్తుతాను. లీటరు పోస్తే మూడు యూనిట్లు, అదీ ఇంజన్ మంచి మూడ్‌లో ఉంటే. 2012 సెప్టెంబరులో డీజిలు మీద ఒకేసారి ఐదు రూపాయలు వడ్డించారు. లీటరు యాభై అనుకున్నా యూనిట్ పదిహేడు రూపాయలు పడింది. డీజిల్లోని శక్తిలో ఇంచుమించు మూడోవంతే షాఫ్టుకు చేరుతుంది. ఇంకో మూడోవంతు చల్లబరిచే నీళ్లలోకి, తక్కినది పొగగొట్టంలోకి. ఆ నీళ్ల డ్రమ్ము పెరట్లో సలసల కాగేది. అక్క లెక్కలో అది కాస్త కరెంటు కూడా ఇచ్చే బాయిలరు. చలికాలం స్నానాలన్నీ దాని పుణ్యమే. కరెంటు పోలేదని స్నానాలు మానేసిన రోజులు కూడా ఉన్నాయి.

అసలు పరీక్ష లైన్‌మన్ రూపంలో వచ్చింది. చప్పుడు విని లోపలికొచ్చి, బోర్డు చూసి, "ఛేంజోవర్ ఏది సార్?" అన్నాడు. బావగారు మెయిన్ ఆఫ్ చేస్తానని చెప్పారు. "మర్చిపోతే? నేను పోల్ మీద ఉంట. మీ కరెంటు ఎన్కకొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కితే అటుదిక్కు పదకొండు వేల వోల్టులైతది. లైను బంద్ ఉందనుకొని నేను చెయ్యి పెడ్త." వీధిలో అంతమంది శాస్త్రవేత్తలున్నా ఈ ముక్క ఆయన నోటినుంచే రావలసి వచ్చింది. లైనూ జనరేటరూ ఒకేసారి కలవనివ్వని ఆ ఛేంజోవర్ స్విచ్ చీకటి పడకముందే బిగించారు. ఇంతా చేసి జనరేటరు కుదుటపడేసరికి 2014 ఆఖరైంది. నగరంలో ప్రకటిత కోతలు ఆగిపోయాయి. బావగారు సాయంత్రాలు వరండాలో కూర్చుని ఫ్యాను వైపు చూస్తూ, "ఇవాళ కూడా పోలేదా?" అని అడిగేవారు.

ఇంజన్ ఇప్పటికీ పెరట్లో ఉంది, కండిషన్లోనే ఉంది. కావలసినవారు మనుషుల్ని తెచ్చుకుని తీసుకుపోవచ్చు, పైసా అక్కర్లేదు. ఛేంజోవర్ స్విచ్ కూడా ఇస్తాం. అది బిగించుకోనంటే మాత్రం ఇంజన్ ఇవ్వం.